బెల్టు మిట్టకే ఎందుకెక్కుతుంది?

మొయినాబాద్ మండలం కనకమామిడి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "అమెరికా నుంచి మా అన్న పాత టర్న్‌టేబుల్ తెచ్చాడు. రికార్డు పెట్టగానే బెల్టు మోటారు పుల్లీ మీంచి ఊడిపోతోంది. ఎంత బిగువు బెల్టు వేసినా అంతే. ఎందుకు?" ఈ ప్రశ్న చూశాక ఈ నెలకు అనుకున్న వ్యాసం పక్కకు పోయింది.

టూకీగా సంగతి ఇది. పళ్లెం నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి. మోటారుది అంతకంటే చాలా వేగం. 24 ధ్రువాల సింక్రనస్ మోటారైతే మన 50 హెర్ట్జ్ కరెంటు మీద 250 చుట్లు. రబ్బరు బెల్టు ఆ వేగాన్ని తగ్గిస్తుంది, మోటారు అదురును సూది దాకా రానివ్వదు. 1961లో ఎడ్గార్ విల్చర్ తెచ్చిన అకౌస్టిక్ రీసెర్చ్ టర్న్‌టేబుల్‌తో ఈ పద్ధతికి పేరొచ్చింది.

ఇక అసలు వింత. ఆ పుల్లీని వేలితో తడిమి చూడండి, నడుమ కొంచెం ఉబ్బుగా ఉంటుంది. గాడి లేదు, అయినా బెల్టు ఆ ఉబ్బు మీదే నిలుస్తుంది! మిట్ట మీద పెట్టింది పల్లానికి జారాలి కదా? అలా అనుకుని నడుమ గుంట చెక్కితే బెల్టు అంచుకు పరుగెత్తి ఊడిపోతుంది. లావు వైపు వేగం ఎక్కువ కాబట్టి అటు లాగుతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ మాట చాలదు, వేగం దానంతటది దేన్నీ పక్కకు లాగదు.

జరిగేది వేరు. లావు వైపున్న బెల్టు అంచు ఎక్కువ సాగుతుంది. బిగువు రెండంచులా ఒకేలా లేక బెల్టు పక్కకు రవ్వంత వంగుతుంది, పుల్లీ మీదికి వస్తున్న భాగం లావు వైపు వాలుతుంది. అందుకని కొత్తగా తాకే ప్రతి చోటూ ముందుదానికంటే వెంట్రుకవాసి పైన పడుతుంది. పడ్డచోట రాపిడి దాన్ని కదలనివ్వదు. అలా చుట్టుచుట్టుకూ ఎక్కి, నడిమిట్ట చేరాక రెండువైపులా లాగుడు సమానమై ఆగుతుంది. పాత పిండిగిర్నీల్లో ఇంజను నుంచి వచ్చే వెడల్పాటి పట్టా నిలిచేదీ ఇలాగే.

అంతా రాపిడిలోనే ఉంది. పట్టు ఉంటేనే బెల్టు ఎక్కుతుంది. నూనె అంటినా, సాగి వదులైనా పట్టు పోతుంది, పట్టు పోయింది పల్లానికే జారుతుంది. పాత రబ్బరు కరిగి మడ్డిలా అంటుకుంటే ఆ ఉబ్బే కప్పబడిపోతుంది. కాబట్టి పుల్లీని, బెల్టు తాకే పళ్లెం అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సరైన కొలత బెల్టు వేయండి. మోటారు ఒరిగి ఉందేమో చూడండి. మరీ బిగువు బెల్టు ఇరుసును పక్కకు గుంజి బేరింగును అరగదీస్తుంది. బేరింగులో కొబ్బరినూనె పోయకండి, చలికాలం గడ్డకడుతుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు.

బెల్టు నిలిచాక మరో చిక్కుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. అక్కడి సింక్రనస్ మోటారుతో ఇక్కడ పళ్లెం 33⅓కి బదులు సుమారు 27.8 చుట్లే తిరుగుతుంది. ఘంటసాల గొంతు మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 120 చేస్తుందే గాని హెర్ట్జ్‌ను ముట్టుకోదు. 1.2 రెట్లు లావున్న 50 హెర్ట్జ్ పుల్లీ వేయాల్సిందే. వేగం చూసే స్ట్రోబు బిళ్ల కూడా 50 హెర్ట్జ్‌దే తీసుకోండి. అమెరికా బిళ్ల మీద 33⅓కి 216 గీతలుంటాయి, మన కరెంటుతో వెలిగే నియాన్ దీపం కింద 180 గీతలదే కదలకుండా నిలుస్తుంది.