మాయ సంచికి కొలత ఎంత?

తుమ్మలపల్లె: బారాకట్ట ఆట మొదలు కావడానికి ముందు రచ్చకట్ట మీద పది నిమిషాల పంచాయితీ తప్పదు. లోపలి గడుల్లోకి పోవాలంటే ఎదుటివాని కాయ ఒకటైనా చంపి ఉండాలా, అక్కరలేదా? వరుసగా మూడు పెద్ద పందేలు పడితే అవి చెల్లుతాయా, మురిగిపోతాయా? ఒక్కో ఊరికి ఒక్కో కట్టు. ఈ ఊరి కట్టు పక్క ఊళ్లో చెల్లదు. అది ముందే తేల్చుకుంటే సరి. ఆట నడుమ ఎవడైనా ‘మా ఊళ్లో ఇట్లా కాదు’ అన్నాడంటే గవ్వలు గాలిలోకి లేచినట్టే.

సరిగ్గా ఈ తగవే, ఇంకో వేషంలో, ప్రపంచంలో ఎన్నో దేశాల కుర్రకారు నడుమ యాభై ఏళ్లుగా నడుస్తున్నది. అక్కడ గవ్వలు లేవు, గడులు లేవు. తగవంతా మాయ వస్తువుల గురించి.

1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న పట్టణం నుంచి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాని కర్తలు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, అంతే సరుకు. హైదరాబాద్, బెంగుళూరు వెళ్లి చదువుకునే మన పిల్లల్లో కొందరికి ఇది తెలిసే ఉంటుంది. తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు సూత్రధారి. తక్కినవారు ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ, ఇట్లా తలా ఒక పాత్ర. ఎదురుగా ఏముందో సూత్రధారి చెబుతాడు. తన పాత్ర ఏం చేస్తుందో ఆటగాడు చెబుతాడు. జరుగుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. తోలుబొమ్మలాటలో తెర వెనుక కొద్దిమందే బొమ్మలన్నిటికీ మాట చెబుతారు. ఇక్కడ ఒక్కో బొమ్మకు ఒక్కో మనిషి ఉన్నాడనుకుంటే సరిపోతుంది. ఆట పేరులోని డంజన్ అంటే నేలమాళిగ. భూమి కింద యురేనియం తవ్వే ఊరివారికి నేల కింది దారుల సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు.

ఈ ఆటలో కథ ముందుకు పోయే కొద్దీ మాయ వస్తువులు దొరుకుతాయి. కనబడకుండా చేసే అంగీ, తల తెగనరికే కత్తి, కోరికలు తీర్చే ఉంగరం. ప్రతిదానికీ పుస్తకంలో షరతు ఉంటుంది. 2014లో వచ్చిన అయిదవ కూర్పు ప్రకారం గొప్ప వస్తువులను ఊరికే తగిలించుకుంటే పని చేయవు. గంటసేపు వేరే ధ్యాస లేకుండా దానితో కూర్చొని వశం చేసుకోవాలి. అట్లా ఒకరికి మూడే వస్తువులు వశమవుతాయి. నాలుగోది కావాలంటే ఒకటి వదులుకోవాలి. మనవారికి ఇది వింత కాదు. తాయెత్తు కట్టించుకున్నవాడు చావింటికి పోరాదు, పురిటింటికి పోరాదు, పోతే మహిమ పోతుందని చెప్పే పెద్దలు ఊరూరా ఉన్నారు.

గండికోటలో ఒక సంచి

మన దగ్గరే నలుగురు కుర్రాళ్లు సెలవుల్లో ఈ ఆటకు కూర్చున్నారనుకుందాం. కథ జరిగే చోటు గండికోట. ధాన్యాగారం, జుమ్మా మసీదు, మాధవరాయ దేవాలయం, కింద పెన్న లోయ. పటం గీసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ధాన్యాగారం కింద నేలమాళిగలో వారికొక సంచి దొరికింది. (నిజంగానే అక్కడ నేలమాళిగ ఉందని ఎవరూ పారలు పట్టుకొని బయలుదేరవద్దు. గుప్తనిధుల పిచ్చితో పాత కోటలకు, గుళ్లకు జరిగిన చేటు ఇప్పటికే చాలు.)

ఈ సంచి ఆ ఆటలో పేరుమోసినది. చూడటానికి మామూలు గోతం. లోపల మాత్రం 64 ఘనపుటడుగుల సరుకు పడుతుంది. 500 పౌండ్ల బరువు, అంటే సుమారు 227 కిలోలు మోస్తుంది. ఎంత నింపినా 2014 నాటి పుస్తకం ప్రకారం సంచి బరువు 15 పౌండ్లే, మన లెక్కలో ఏడు కిలోలకు లోపే. బరువు మీరినా, చిరిగినా సంచి నాశనమై లోపలి సరుకంతా వేరే లోకంలో చెల్లాచెదురవుతుంది. మనిషిని దాచవచ్చు గాని లోపల ఒక్కరికి పది నిమిషాల గాలే ఉంటుంది. ఇద్దరుంటే అయిదు నిమిషాలు. ఇటువంటి మరో మాయ బిలంలో ఈ సంచిని పెడితే రెండూ నాశనమవుతాయి, దగ్గరున్నవారు కూడా పరలోకంలోకి ఈడ్చుకుపోబడతారు.

ఇక పులివెందుల ప్రాంతపు కుర్రాడి బుర్ర ఎటు పోతుంది? అరటి గెలల మీదికే. గెల ఇరవై కిలోలనుకుంటే పదకొండు పడతాయి. “ఇంకో నాలుగు పడతాయి లే అన్నా, సర్దుదాం” అంటాడు. సూత్రధారి మంచివాడు, సరే అంటాడు. మరుసటి రోజు ఇరవై. వారం తిరిగేసరికి తోటంతా సంచిలోకి పోతుంది. అప్పుడిక లారీ అక్కరలేదు, దారిలో దొంగల భయం లేదు, వంతెన తెగిపోయిందన్న బెంగ లేదు. అంటే కథే లేదు. సంచి పెద్దదయింది, ఆట చిన్నదయింది. అడిగినదల్లా పంచిపెట్టే ఇటువంటి సూత్రధారులకు అమెరికాలో ఒక ఎగతాళి పేరే ఉంది. అక్కడ టెలివిజన్‌లో బహుమతులు పంచే ఒక కార్యక్రమ నిర్వాహకుని పేరును కాస్త మార్చి, ‘మాంటీ హాల్ ఆట’ అని పిలిచేవారు. గైగాక్స్ కూడా 1979లో సూత్రధారుల కోసం రాసిన పెద్ద పుస్తకంలో, మాయ వస్తువులు ఎడాపెడా పంచవద్దని హెచ్చరించకపోలేదు.

మన జిల్లా మాంత్రికం

మాయ వస్తువుల షరతుల విషయంలో కడప జిల్లావారు ఎవరికీ తీసిపోరు. పొట్టిపాడులో 1912లో పుట్టిన బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947లో ‘చందమామ’ తెచ్చారు, 1951లో ‘పాతాళభైరవి’ తీశారు. దర్శకుడు కె.వి.రెడ్డి పొరుగున ఉన్న తాడిపత్రి ప్రాంతంవాడు. ఆ చిత్రం చూడని ఇల్లు ఈ తాలూకాలలో అరుదు.

పాతాళభైరవి ప్రతిమకు షరతు ఏమిటి? సాహసవంతుని బలి ఇచ్చినవానికి దేవి ప్రత్యక్షమై ప్రతిమ ఇస్తుంది. నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి బలికి తెచ్చాడు. రాముడు సంగతి తెలుసుకొని మాంత్రికుణ్ణే బలి ఇచ్చాడు. దేవి కాదనలేదు. షరతులో ఎవరిని ఎవరు బలి ఇవ్వాలో పేర్లు లేవు కదా! ఆ తరువాత ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది. రాముని మీద దానికి మమకారం లేదు. రాజుగారి బావమరిది శూరసేనుడు దాన్ని ఎత్తుకుపోయి మాంత్రికుని చేతిలో పెట్టగానే రాముని మేడ, మిద్దె, రాకుమారి అన్నీ పోయాయి. ప్రతిమ ‘నేను రామునిదాన్ని’ అని మొండికేసి ఉంటే సినిమా అక్కడికే సరి. కథకుడు పింగళి నాగేంద్రరావు షరతును ఒక్క అంగుళం కూడా సడలించలేదు. అంత రసవత్తరంగా ఉండటానికి కారణం అదే.

భాగవతంలోనూ ఇంతే. (పోతన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లువాడా అన్న తగవు ఇప్పుడు వద్దు.) పగలు, రాత్రి, ఇంటా, బయటా, మనిషి చేత, మృగం చేత, నేల మీద, నింగిలో చావు లేకుండా హిరణ్యకశిపుడు వరం పుచ్చుకున్నాడు. ఇచ్చిన వరం చెల్లదని ఎవరూ అనలేదు. సంధ్యవేళ, గడప మీద, తొడల మీద, గోళ్లతో పని ముగిసింది. వరంలోని ప్రతి మాటా నిలబడింది, వరం పుచ్చుకున్నవాడు మాత్రం నిలబడలేదు. బాలనాగమ్మ కథ చెప్పేవారు కూడా మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని చెప్పాక, ఆ చిలకను పట్టకుండా ఫకీరును చంపరు. చంపితే జనం ఊరుకోరు.

పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఇద్దరు అసురులు ఒక పాత్ర, ఒక కర్ర, ఒక జత పాదుకల కోసం కొట్టుకుంటూ ఉంటారు. పాత్ర అన్నం పెడుతుంది, కర్రతో రాసింది నిజమవుతుంది, పాదుకలు ఆకాశంలో తీసుకుపోతాయి. పుత్రకుడనేవాడు వచ్చి, ‘పరుగెత్తండి, గెలిచినవాడికే ఇవన్నీ’ అని పందెం పెట్టాడు. వారు అటు పరుగెత్తగానే ఇతడు పాదుకలు తొడుక్కొని ఎగిరిపోయాడు. ‘పాతాళభైరవి’లో అంజి చేసిన పని కూడా ఇటువంటిదే. పాదుకల శక్తిని ఇద్దరూ పెంచలేదు, ఉన్న శక్తినే వాడుకున్నారు.

బావమరిది కత్తి

అందువల్ల నియమాన్ని వంచడం అన్నప్పుడు రెండు వేరు వేరు పనులను ఒకే గాటన కట్టడం తగదు. సంచికి కొలత పెంచమనడం ఒకటి. ఉన్న కొలతలోనే పుస్తకం ఊహించని పని చేయించడం ఇంకొకటి. మొదటిది అడిగేవానికి సూత్రధారి కాస్త గట్టిగానే ఉండాలి. రెండవది అడిగేవానికి పుస్తకం పక్కన పెట్టి అయినా దారి ఇవ్వాలి. వాడు ఆలోచించాడు గనుక.

అయితే అసలు చిక్కు వస్తువుతో రాదు, మనుషులతో వస్తుంది. సూత్రధారి తన బావమరిదికి నాలుగో వస్తువు వశమైందన్నాడనుకోండి. తక్కిన ముగ్గురూ నోరు మెదపరు. మర్నాడు ఒకడికి తలనొప్పి, ఇంకొకడికి పొలం పని. నెల తిరిగేసరికి ఆట లేదు, ఆ ఇంటికి పోయే దారి కూడా కాస్త మారుతుంది. మాయ కత్తి కాగితం మీదిదే గాని, నొచ్చుకున్నది చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన స్నేహితుడు. బావమరిదికి నాలుగోది ఇవ్వదలిస్తే తక్కినవారికీ అదే సడలింపు ఉండాలి, అందరి ముందరా చెప్పాలి, దానికి ధర ఉండాలి. వాడిన ప్రతిసారీ ఒంట్లో బలం తగ్గడమో, ఆ కత్తి కోసం వెతుకుతూ ఒకడు వెంటపడటమో, ఏదో ఒకటి.

పొరపాటున ఇవ్వరానిది ఇచ్చేసిన సూత్రధారి ఏం చేయాలి? మర్నాడు ‘అది చెల్లదు’ అని లాక్కోవడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఇచ్చిన వరం వెనక్కి తీసుకునే దేవుడు మన పురాణాల్లో లేడు. శివుడు భస్మాసురుని చేతిలోని మహిమను వెనక్కి లాక్కోలేదు. మోహిని వచ్చి వాని చేయి వాని నెత్తి మీదే పెట్టించింది. దొంగను పంపవచ్చు, శూరసేనులకు కరువు లేదు. లేదా అందరినీ కూర్చోబెట్టి, ‘ఇది మరీ ఎక్కువైంది, ఎట్లా తగ్గిద్దాం’ అని అడగవచ్చు. అడిగితే తరచుగా వారే దారి చెబుతారు.

ఇంతకీ గండికోటలో మన కుర్రాళ్లు ఏం చేస్తున్నారు? ధాన్యాగారానికి నిప్పంటుకున్నదని సూత్రధారి చెప్పాడు. తలుపు దగ్గర మంట, లోపల మనుషులు. అరటి గెలలు సర్దుదామన్న కుర్రాడే ఇప్పుడు సంచి మూతి విప్పి, “పెన్నలో ముంచుకొస్తా అన్నా” అంటున్నాడు. నీళ్ల గురించి పుస్తకంలో ఒక్క మాట లేదు. సూత్రధారి లెక్క వేశాడు. 227 కిలోలంటే 227 లీటర్లు, ఇరవై లీటర్ల బిందెలతో పదకొండు. లోయలోకి దిగాలి, ఎక్కాలి. సంచి బరువు మాత్రం ఏడు కిలోలే. సరే, పో అన్నాడు. అతడు పైకి వచ్చేదాకా తలుపు నిలుస్తుందా లేదా తేల్చడానికి పాచిక చేతిలోకి తీసుకున్నాడు.