రామదాసు చెరసాల పాటలు: లెక్కలూ, కన్నీళ్లూ

శ్రీరామనవమి పందిళ్లలో, శనివారం భజనల్లో రామదాసు కీర్తన వినిపించని ఊరు ఖమ్మం ప్రాంతంలో అరుదు. చిడతలు, తాళాలు, మద్దెల కలిస్తే పాట హుషారందుకుంటుంది. పిల్లలు సైతం గొంతు కలుపుతారు. అయితే ఈ కీర్తనల్లో పేరు పొందినవి చాలావరకు సంబరంలో పుట్టినవి కావు. గోల్కొండ కోట చెరసాలలో ఒక మనిషి దిక్కుతోచక పాడుకున్న పాటలని సంప్రదాయం చెబుతున్నది.

నేలకొండపల్లి గోపన్న

రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న. 17వ శతాబ్దంలో నేలకొండపల్లిలో పుట్టాడు. అబుల్ హసన్ తానీషా గోల్కొండను ఏలిన కాలంలో (1672–1687) పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. నవాబు కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని ప్రతీతి. గోదావరి ఒడ్డున భద్రగిరిపై రామునికి గుడి కట్టించాడు. అందుకు సర్కారు శిస్తు సొమ్ము వాడాడని నేరం మోపి చెరలో పెట్టారు. ఆ శిక్ష 12 ఏళ్లు సాగిందంటారు. గోల్కొండ కోటకు వెళ్లేవారికి రామదాసు బందిఖానాగా చెప్పే చీకటి గదిని నేటికీ చూపుతున్నారు.

దేవునికి అప్పజెప్పిన జమాఖర్చు

రామదాసు దుఃఖం ఎలాంటిదో తెలియాలంటే రాములవారి నగల పద్దులు చదివే కీర్తనను నిదానంగా వినాలి. పూర్వం జమాబందీనాడు పట్వారీ లెక్క ఒప్పజెప్పినట్లే ఉంటుంది. గుడి చుట్టూ ప్రాకారం కట్టించాను, ఇంత పట్టింది. భరతునికి పచ్చల పతకం, శత్రుఘ్నునికి బంగారు మొలతాడు, లక్ష్మణునికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, ఒక్కొక్కదానికి పదివేలు పట్టింది. ఈ తీరున సాగుతుంది పాట.

కన్నీళ్ల పాటలో ఈ లెక్కలెందుకని ఎవరికైనా అనిపించవచ్చు. గోపన్న తహసీల్దారు. ఆయన మీద పడ్డ నేరమే లెక్కకు సంబంధించింది. నవాబు అడిగిన లెక్కను ఆయన దేవునికి అప్పజెప్పాడు. ఖర్చు దాచలేదు. ఈ సొమ్మంతా నీకే పెట్టాను, నువ్వే సాక్ష్యం చెప్పమని నిలదీశాడు. ప్రజల శిస్తు గుడికి వాడడం తప్పా ఒప్పా అని పెద్దలు వాదించుకోవచ్చు గాని, తాను ఖర్చు పెట్టలేదని మాత్రం ఆయన ఎక్కడా బొంకలేదు.

లెక్క చదివే కొద్దీ గొంతులో కోపం పెరుగుతుంది. ఈ కులుకంతా ఎవరబ్బ సొమ్మని, నీ తండ్రి దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా అని రాముణ్ణే తిట్టిపోస్తాడు. భజనలో ఈ చోటు వచ్చేసరికి జనం నవ్వడం మామూలే. ఆ వెంటనే వచ్చే మాటలతో నవ్వు ఆగిపోవాలి. తిట్టానని బాధపడవద్దు, ఈ దెబ్బలకు తాళలేక అన్నానని రామదాసు వేడుకుంటాడు. పాటకు ప్రాణం అక్కడే ఉంది. తిట్టే చరణం పాడి, వేడుకునే చరణం వదిలేస్తే అది ఎకసెక్కంగా మిగులుతుంది.

ఇల్లాలి చెవిన ఒక మాట

మరో కీర్తనలో రాముణ్ణి అడిగి అడిగి అలసి, సీతమ్మను ఆశ్రయిస్తాడు. మగనితో ఏకాంతంగా ఉన్నప్పుడు నా సంగతి కాస్త చెప్పమ్మా అని అడుగుతాడు. ఇంటి యజమాని పలకకపోతే ఇల్లాలి చెవిన వేయడం పల్లెల్లో అందరూ ఎరిగిన దారే. రామదాసు పాట పండితులకంటే ముందు పామరుల నోట నిలవడానికి ఇదే కారణం. పెద్ద పెద్ద సమాసాలు లేవు. కష్టంలో ఉన్న మనిషి సొంతవారితో మాట్లాడే మాటలే ఉన్నాయి.

రాముని పలుకు బంగారమంత అరుదైపోయిందని వాపోయే కీర్తనను ఆనందభైరవి రాగంలో పాడడం వాడుక. రాగం పేరులో ఆనందం ఉన్నా నిదానంగా పాడితే కరుణ ఒలుకుతుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఈ కీర్తనలను ఇంటింటికీ చేర్చారు. అంతకు ముందే త్యాగరాజు (1767–1847) తన కీర్తనల్లో రామదాసును భక్తితో తలచుకున్నాడు. రామదాసు కథ 1964లో చిత్తూరు నాగయ్య చేతిమీదుగా, 2006లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో వెండితెరకెక్కింది.

మిగిలింది పాట

రామలక్ష్మణులే వచ్చి పైకం కట్టి రామదాసును విడిపించారని జనం నమ్మిక. తానీషా సంగతి చరిత్రలో ఉంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. నవాబును దౌలతాబాదు కోటలో బందీగా ఉంచారు. చెరలోనే ఆయన కాలం చేశాడు. రాజూ బందీ అయ్యాడు, తహసీల్దారూ బందీ అయ్యాడు. జనం నోట మిగిలింది తహసీల్దారు పాట.

2016లో జిల్లాల విభజనతో నేలకొండపల్లి ఖమ్మం జిల్లాలో ఉండిపోయి, భద్రాచలం, పాల్వంచ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరాయి. పాటకు ఆ హద్దు లేదు. భజన మండలుల పెద్దలు కుర్రవాళ్లకు ఈ కీర్తనలు నేర్పేటప్పుడు తాళం కాస్త తగ్గించి, చరణాలన్నీ వరుస తప్పకుండా నేర్పితే మేలు. హుషారు పాటలకు కొదవ లేదు. దుఃఖంలో ఉన్నవాడు పాడుకోవడానికి కూడా ఊరికి ఒక పాట ఉండాలి.