పాలు పడలేదనే ముందు తడిగుడ్డలు లెక్కపెట్టండి

బార్కస్ (మా విలేఖరి):

మహేశ్వరం, తుక్కుగూడ, పహాడీషరీఫ్‌ల మీదుగా శ్రీశైలం రోడ్డున పట్నం వచ్చేవారికి చాంద్రాయణగుట్టకు ముందే తగిలే పేట బార్కస్. నిజాం కొలువులో పనిచేసిన యెమెన్ అరబ్బు సిపాయిల బ్యారక్స్ ఇక్కడ ఉండేవి. ఆ మాటే జనం నోట బార్కస్ అయింది. జామకాయలకు పేరుపడిన ఈ పేటలో మన పల్లెల నుంచి కూలికీ, మేస్త్రీ పనికీ వచ్చి అద్దెకుంటున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. భాష వేరైనా, మతం వేరైనా బాలింత ఉన్న ఇళ్ళలో వినిపించే మాట మాత్రం ఒకటే. "పాలు పడలేదు, పిల్ల ఒకటే ఏడుపు."

ఈ విలేఖరి వెళ్ళిన ఒక మేస్త్రీ ఇంట్లో ఆయన భార్య 9 రోజుల బాలింత. ఆపరేషన్ కాన్పు. మూడో రోజుకూ పాలు పడలేదని అత్తగారు డబ్బాపాలు తెప్పించారు. సీసా పీకకు అలవాటుపడిన పిల్ల రొమ్ము పట్టడం మానేసింది. తాగేవాళ్ళు లేక పాలు నిలిచి రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. ఎడమవైపు ఎర్రగా కందింది, చలిజ్వరం వచ్చింది. దిష్టి తగిలిందని ఇంట్లోవారు ఉప్పు, మిరపకాయలు తిప్పి పోశారు. డబ్బా చూస్తే వారం రోజులు కూడా రాలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. కాన్పయిన తొలి రెండు మూడు రోజులు వచ్చేవి చిక్కటి ముర్రుపాలే. పుట్టిననాటి బిడ్డ కడుపుకు ఒకసారికి చెంచాడు చాలు. ఆపరేషన్ అయిన తల్లికి పాలు దిగడం ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పులకు 60కి పైగా ఆపరేషన్లే. కనుక ఈ ఆలస్యం ఇప్పుడు చాలా ఇళ్ళలో చూస్తున్నదే. ఆ రెండు రోజుల తొందరపాటులోనే డబ్బా ఇంట్లోకి వస్తోంది.

బిడ్డకు పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి చెప్పలేము. రొమ్ము మెత్తబడినంత మాత్రాన పాలు ఎండినట్టూ కాదు. చూడవలసింది తడిగుడ్డలు. ఐదో రోజు నుంచి బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయాలి, అది ముదురు పసుపుగా ఉండకూడదు. నల్లటి విరేచనం నాలుగైదు రోజులకల్లా పసుపురంగుకు తిరగాలి. పుట్టాక కొంచెం బరువు తగ్గడం సహజమే, రెండు వారాలకు పుట్టినప్పటి బరువు మళ్ళీ రావాలి. అంగన్‌వాడీలో తూకం ఉంది, ఆశా కార్యకర్త ఇంటికే వస్తుంది. ఈ లెక్కలు సరిగ్గా ఉంటే పాలు చాలుతున్నట్టే.

చేపు వచ్చేదాకా

పాడి ఉన్న ఇళ్ళవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. దూడను విడవనిదే గేదె చేపదు. బెదిరితే చేపిన పాలు కూడా ఎగబట్టుకుంటుంది. కొందరు చాటుగా గేదెలకు పొడిచే ఆక్సిటోసిన్ మందు ఉందే, అది తల్లి ఒంట్లో బిడ్డ చీకగానే దానంతటదే ఊరుతుంది. నొప్పి, దిగులు, ఇంట్లో సూటిపోటి మాటలు ఉంటే చేపు రాదు. మెంతులు, వెల్లుల్లి, బార్కస్ ఇళ్ళలో కాచి ఇచ్చే హరీరా, ఇవేవీ బిడ్డ చీకడానికి సాటిరావు. రాత్రిళ్ళతో కలిపి రోజుకు 8 నుంచి 12 సార్లు రొమ్ము పట్టాలి. పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్ళు తగ్గించే పద్ధతి మాత్రం మానుకోవాలి.

చనుమొనలు చిట్లి రక్తం వస్తుంటే తప్పు పట్టించడంలోనే ఉంటుంది. బిడ్డ నోట్లోకి మొన ఒక్కటే పోతే నొప్పి. నోరు పెద్దగా తెరిచినప్పుడు మొన చుట్టూ ఉన్న నల్లభాగం చాలావరకు లోపలికి పోయేలా, గడ్డం రొమ్ముకు ఆనేలా, కింది పెదవి బయటికి తిరిగేలా పట్టించాలి. తాగించాక నాలుగు చుక్కల పాలు మొనకే పూసి ఆరనివ్వాలి. మొన లోపలికి ముడుచుకుని ఉన్న తల్లులకు 1993లో కర్ణాటకలోని దావణగెరె వైద్యులు సులువైన ఉపాయం ప్రచురించారు. సూది తీసేసిన కొత్త సిరంజి కొస కోసి, కోసిన వైపు నుంచి పిడి దూర్చి, నున్నటి రెండో అంచు మొన చుట్టూ ఆనించి నెమ్మదిగా లాగడమే. తొలిసారి నర్సు చేత చేయించుకుని నేర్చుకోవాలి.

బిడ్డ నోట్లో తుడిచినా పోని తెల్లటి పూత ఉంటే తల్లికీ బిడ్డకూ కలిపి మందు వాడాలి. నాలుక కింది తీగ పొట్టిగా ఉండి రొమ్ము పట్టలేకపోతే డాక్టరుకు చూపించాలి. బరువు తక్కువగా పుట్టి చీకలేని పిల్లలకు పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె సీసాకంటే మేలు, కడగడమూ తేలికే. పసికందు రొమ్ములు కొంచెం ఉబ్బితే కొన్ని ఊళ్ళలో పిండుతారు. అది చీము పట్టడానికి దారి. ఉబ్బు దానంతటదే తగ్గుతుంది. తేనె నాకించడం కూడా ఏడాది నిండేవరకు వద్దు.

రొమ్ము గట్టిపడితే

వేడి కాపడం పెట్టి గట్టిగా పిసకడం మన ఇళ్ళలో అలవాటు. ఇప్పటి వైద్యులు దాన్ని వద్దంటున్నారు. పిసికితే వాపు పెరుగుతుంది. చల్లని తడిగుడ్డ వేసి, బిడ్డకు పట్టడం మానకుండా, సలుపు తగ్గేంత మటుకే పాలు తీయాలి. జ్వరానికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఒక రోజుకూ జ్వరం, ఎరుపు తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్ళాలి. ఆలస్యం చేస్తే చీముగడ్డ అవుతుంది. తొలి దశలో దాన్ని కత్తి పెట్టకుండా సూదితో లాగేయడం ఇప్పుడు సాధ్యం. జబ్బు రొమ్ము పాలు తాగితే బిడ్డకు హాని ఏమీ లేదు.

మేస్త్రీ భార్య జ్వరం మూడో నాడు ఆస్పత్రికి వెళ్ళారు. మందులు ఇచ్చి, పిల్లను పట్టించే తీరు చూపించి పంపారు. రెండు రోజులు పాలు పిండి గిన్నెతో పట్టారు, మూడో నాటికి పిల్ల రొమ్ము అందుకుంది.

తల్లిపాలు ఎంతకీ అందని నెలతక్కువ పిల్లల కోసం నీలోఫర్ ఆస్పత్రిలో 2017లో 'ధాత్రి' పాల బ్యాంకు పెట్టారు. ఇతర తల్లులిచ్చిన పాలను అక్కడ శుద్ధి చేసి ఇస్తారు. ఒకే తల్లి పాలు తాగినవారు తోబుట్టువులవుతారనీ, వారి మధ్య పెళ్ళి కూడదనీ ముస్లిముల్లో నియమం ఉంది. అందుచేత ఆ పాలు ఎవరివని బార్కస్ పెద్దలు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఆస్పత్రివారు ఓపికగా జవాబు చెప్పాలి. డబ్బా కంపెనీలు తల్లులకు ఉచిత నమూనాలు పంచడం మాత్రం 1992 చట్టం ప్రకారం నేరం. ఎవరైనా పంచితే పుచ్చుకోవద్దు.

బిడ్డ పాలు తాగడం పూర్తిగా మానేసినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, డొక్కలెగరేసినా, అరచేతులు అరికాళ్ళ దాకా పసుపు పాకినా పసరుమందులకు పోకుండా 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. దారిలో కూడా బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచాలి.