2020లో జ్వరాన్ని ఎందుకు దాచారు?

డాక్టర్లు చెప్పింది జనం వినకపోతే 'అవగాహన లేదు' అనేస్తాం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 2020 మార్చి, ఏప్రిల్ నెలల్ని ఒక్కసారి గుర్తు చేసుకుంటే సంగతి అంత సులువు కాదని తెలుస్తుంది.

ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కి వెళ్లొచ్చిన వాళ్లలో కేసులు బయటపడ్డాయి. గుంటూరు మంగళదాస్ నగర్ రెడ్ జోన్ అయింది. టీవీల్లో, వాట్సాప్‌లో రోగం పేరు కన్నా మన పేరే ఎక్కువ వినిపించింది. పైగా మిర్చి కోతల రోజులు. లాక్‌డౌన్‌తో మిర్చి యార్డు మూతపడింది. అలాంటప్పుడు 'జ్వరం, దగ్గు ఉంటే చెప్పండి' అంటే ఇంట్లో వాళ్లకి వైరస్ గుర్తుకు రాదు. వీధిలోకి అంబులెన్స్ వస్తే పక్కవాళ్లు ఏమంటారు? రేపటి నుంచి కూలికి పిలుస్తారా? ఇవే గుర్తొస్తాయి.

ఇంకో భయం ఉంది, అది పైకి చెప్పుకునేది కాదు. ఆసుపత్రిలోనే ఇంతెకాల్ అయితే గుసుల్, జనాజా సంగతేంటి?

దీనికి కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి 15నే మార్గదర్శకాల్లో జవాబిచ్చింది. ఖననం చేయొచ్చు. ఇంటివాళ్లు చివరిసారి ముఖం చూడొచ్చు. మయ్యత్‌ని తాకకుండా చేసే ప్రార్థనలు చేసుకోవచ్చు. స్నానం చేయించడం, ముద్దు పెట్టుకోవడం మాత్రం కూడదు. గుసుల్ లేదన్న మాట ఏ ఇంటికైనా బాధే. కానీ ఖబరస్తాన్ ఉంది, నమాజ్ ఉంది అన్న కబురు ముందే తెలిస్తే ఎంత ధైర్యం! నిజం చెప్పాలంటే ఆ కాగితం నేనూ చాలా ఆలస్యంగానే చదివాను.

భయపెడితే జనం వింటారనుకోవడం పాత అలవాటు. కిమ్ విట్టే అనే పరిశోధకురాలు 1992లో దీనికి ఒక షరతు చెప్పారు. భయంతో పాటు 'ఇది నేను చేయగలను, చేస్తే ఫలితం ఉంటుంది' అన్న నమ్మకం కూడా ఉంటేనే మనిషి సలహా పాటిస్తాడు. అది లేకపోతే రోగాన్ని కాదు, భయాన్ని తప్పించుకుంటాడు. 'మనకేం కాదులే' అంటాడు, లేదా దాచేస్తాడు.

ఆశ కూడా తక్కువదేం కాదు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేల మంది ఎగబడ్డారు. ఏడాదిగా 'దూరం పాటించండి' అని వింటున్న జనమే వాళ్లంతా.

మరోవైపు, 2020 ఏప్రిల్‌లో కోలుకున్నవాళ్లు ప్లాస్మా ఇవ్వాలని మౌలానా సాద్ పిలుపునిస్తే ఢిల్లీలో జమాత్ సభ్యులు ముందుకొచ్చారు. అంతకు కొద్దిరోజుల ముందు వరకు టీవీలు నేరస్తుల్లా చూపించింది వీళ్లనే. ఈసారి అడిగింది తాము నమ్మే మనిషి. అడిగిన తీరులోనూ గౌరవం ఉంది.

ఇప్పుడు కూడా డెంగీ సీజన్‌లో ఆశా వర్కర్ గుమ్మంలోకి వస్తే ఆడవాళ్లు 'ఎవరికీ జ్వరం లేదమ్మా' అని పంపేసే ఇళ్లున్నాయి. పంపేయకండి, అడగండి. ఎక్కడికి తీసుకెళ్తారు, తోడు ఎవరుండొచ్చు, ఎన్ని రోజులు పడుతుంది, డబ్బు కట్టాలా? ఆమెకి తెలియకపోతే పీహెచ్‌సీలో కనుక్కుని చెప్పమనండి.