పసిపేగులో దూరే ‘చక్రం’

పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు పేరు చెప్పగానే మనకు లారీలు గుర్తుకు వస్తాయి. అక్కడినుండి ఒడిశా కొండలకు సాగే రహదారిపై చక్రాలకు విరామం ఉండదు. ‘చక్రం’ అన్న పేరే గల ఒక వైరస్ సరిహద్దుకు అటూ ఇటూ పసిబిడ్డలను పీడిస్తోంది. అదే రోటావైరస్. లాటిన్‌లో ‘రోటా’ అంటే చక్రం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో దాని ఆకారం అలాగే ఉంటుంది. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం దీనిని విరేచనాలతో బాధపడే పిల్లల పేగుకణాలలో గుర్తించింది.

ప్రవేశం

వైరస్ తనంతట తాను వృద్ధి చెందలేదు. దానికి జీవకణం కావాలి. మలం అంటిన చేతులు, నీరు, ఆటవస్తువుల ద్వారా రోటావైరస్ నోటిలోకి చేరి చిన్నపేగుకు వెళుతుంది. దాని పైపొరపై ముళ్ళవంటి ప్రోటీన్లు ఉంటాయి. మన ఆహారాన్ని జీర్ణం చేసే ట్రిప్సిన్ అనే ఎంజైమే వాటిని ఛేదించి, వైరస్‌ను కణంలో చొరబడేందుకు సిద్ధం చేస్తుంది.

వృద్ధి

లోపలికి చేరగానే మూడు పొరల కవచంలో పైపొర ఊడిపోతుంది. మిగిలిన గుళికలో 11 ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఉంటాయి. వాటి నకళ్ళు కణంలోకి వెలువడతాయి. మన రైబోజోములు వాటిని సొంత ఆదేశాలుగా భావించి వైరస్ ప్రోటీన్లను తయారు చేస్తాయి. ఆ ప్రోటీన్ల నడుమ కొత్త వైరస్‌లు రూపుదిద్దుకుంటాయి.

నిష్క్రమణ

చివరకు అనేక కణాలు పగిలి, కొత్త వైరస్‌లు పక్క కణాలపై పడతాయి. మలంతోపాటు బయటికీ వస్తాయి. నీటిని పీల్చుకునే చూషకాలు దెబ్బతింటాయి. అందుకే బిడ్డకు నీళ్ళ విరేచనాలు, వాంతులు మొదలవుతాయి. ప్రాణాపాయం శరీరంలోని నీరు, లవణాలు తరిగిపోవడం వల్లనే.

మన కర్తవ్యం

యాంటీబయాటిక్‌లు బాక్టీరియాను అణచగలవు. మన కణాల యంత్రాంగాన్నే వాడుకునే వైరస్‌పై పనిచేయవు. ఓఆర్‌ఎస్ పనిచేస్తుంది. మిగిలిన ఆరోగ్యకరమైన కణాలు చక్కెరతో కలిసిన ఉప్పును, దానివెంట నీటిని పీల్చుకుంటాయి. పొట్లంపై సూచించిన కొలత నీటిలోనే కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. తల్లిపాలు మానరాదు. వైద్యుల సలహాపై జింకు మాత్రలు ఇవ్వాలి. కళ్ళు లోతుకుపోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రోగానికి ముందే రక్షణ ఉంది. ఢిల్లీలో ఒక నవజాత శిశువునుండి సేకరించిన బలహీనమైన వైరస్‌తో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ‘రోటావాక్’ టీకాను తయారు చేసింది. 2016లో రోటావైరస్ టీకాను ఉచిత టీకాల కార్యక్రమంలో తొలుత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ ఉన్నాయి. బిడ్డకు 6, 10, 14 వారాల వయసులో దీనిని నోటిద్వారా ఇస్తారు. సూది అవసరం లేదు.

వుజూకు అలవాటుపడిన మన చేతులకు సబ్బు కూడా తోడవాలి. ముఖ్యంగా బిడ్డ మలం శుభ్రం చేశాక, అన్నం కలిపే ముందు మరువరాదు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే టీకా కార్డును ఈరోజే తీసి చూద్దాం. మోతాదు మిగిలి ఉంటే ఏఎన్ఎం లేదా ఆశా కార్యకర్తను వెంటనే సంప్రదిద్దాం.