రోలా అంటే మర్రిచెట్టు: మనవాళ్లు కలుసుకునే చోటు కథ

సెలవు రోజు సాయంత్రం క్యాంపుల నుంచి బస్సెక్కి మనవాళ్లు చాలామంది చేరేది షార్జాలోని రోలాకే. ఊరివాళ్లను కలవాలన్నా, ఇంటికి డబ్బులు పంపాలన్నా, చవగ్గా బట్టలు కొనాలన్నా అక్కడికే పోతాం. మరి ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా?

ఇక్కడి అరబ్బులు మర్రిచెట్టును 'రోలా' అంటారు. ఇప్పుడు పార్కు ఉన్న చోట ఒకప్పుడు పెద్ద మర్రి ఉండేది. 19వ శతాబ్దం తొలినాళ్లలో నాటారని చెబుతారు. ఈద్ వస్తే జనమంతా దాని కింద చేరేవాళ్లు, ఉయ్యాలలు ఊగేవాళ్లు. మన ఊళ్లలో చెట్టు కింద రచ్చబండ లాంటిదే అనుకోండి. 1978లో ఆ చెట్టు పోయింది. దాని గుర్తుగా పార్కులో చెట్టు బొమ్మతో స్మారకం కట్టారు.

మర్రి పుట్టిల్లు ఎడారి కాదు, మన దేశమే. ఈ తీరానికీ మనకూ సముద్ర వ్యాపారం ఎప్పటినుంచో ఉంది. 1966 దాకా ఇక్కడ చెల్లింది కూడా రూపాయే. గల్ఫ్ కోసమని భారతీయ రిజర్వ్ బ్యాంకు 1959లో వేరే రంగు నోట్లు అచ్చువేసింది. దిర్హమ్ వచ్చింది 1973లోనే.

రోలా నుంచి నడిచి వెళ్లేంత దూరంలో షార్జా కోట, అల్ హిస్న్, ఉంది. 19వ శతాబ్దం తొలి భాగం నాటిది. తర్వాత ఒకప్పుడు దాన్ని కూల్చడం మొదలుపెట్టారు. అప్పుడు కైరోలో చదువుతున్న షేక్ సుల్తాన్, అంటే ఇప్పటి షార్జా పాలకులు, హుటాహుటిన వచ్చి ఆపించారు. అప్పటికి దాదాపు ఒక్క బురుజే మిగిలింది. తలుపులు, కిటికీలు దాచిపెట్టి, తర్వాత కోటను మళ్లీ కట్టించారు. ఇప్పుడది మ్యూజియం.

1932లో లండన్ నుంచి ఇండియాకు పోయే విమానాలు రాత్రి ఆగడానికి షార్జాలో విమానాశ్రయం కట్టారు. ఈ దేశంలో అదే మొదటిది. ఆ పాత రన్‌వే ఇప్పుడు కింగ్ అబ్దుల్ అజీజ్ వీధి. పక్కనే అల్ మహట్టా మ్యూజియం ఉంది.

చాలామందిమి ఏళ్లకేళ్లు ఇక్కడ పనిచేసి, క్యాంపు, సైటు తప్ప ఏమీ చూడకుండానే ఇంటికి పోతాం. వచ్చే సెలవుకు ఒక గంట తీసి ఆ స్మారకం, కోట చూసి రండి. పిల్లలు ఫోన్‌లో "నాన్నా, ఎక్కడున్నావ్?" అంటే, "మర్రిచెట్టు కాడ ఉన్నా" అని చెప్పి, ఈ కథ వినిపించండి.