179 కిరణాలు, ఒకే బిందువు

చెవి వెనకాల ఎముకలో సెంటీమీటరు పొడవుండే సన్నటి సొరంగం ఉంటుంది. వినికిడినీ శరీరం నిలకడనీ చూసే నరం, ముఖాన్ని కదిలించే నరం రెండూ అందులోంచే ఒరుసుకుంటూ సాగుతాయి. ఏటా లక్షమందిలో ఏ ఒకరిద్దరికో అందులో మొదటి నరం మీద కణితి లేస్తుంది. అదే అకూస్టిక్ న్యూరోమా. క్యాన్సర్ కాదు, పెరగడమూ నెమ్మదే. ప్రమాదమంతా అది ఉన్న చోటుతోనే. పుర్రె అడుగున కత్తి పెట్టి తీయబోతే మూతి వంకరపోవచ్చు, కన్నురెప్ప మూతపడకపోవచ్చు, మిగిలిన కాస్త వినికిడీ పోవచ్చు.

స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1949లో తలకు బిగించే ఒక చట్రం తయారుచేశాడు. దాని మీద అర్ధవృత్తాకారపు కమ్మీ. మెదడులో చేరాల్సిన చోటు ఆ వృత్తానికి కేంద్రంలో ఉండేట్టు అమరిస్తే, కమ్మీ మీద ఎక్కణ్ణుంచి సూదిని దించినా మొన అక్కడికే చేరుతుంది. సూది బదులు కిరణాన్ని పంపితే పుర్రెను తెరవక్కర్లేదు కదా అనుకున్నాడు. 1951లో ఆ పద్ధతికి రేడియోసర్జరీ అని పేరు పెట్టాడు. ముందు ఎక్స్‌రే గొట్టం బిగించి చూశాడు. తర్వాత బోర్యె లార్సన్‌తో కలిసి ఉప్సలాలోని సైక్లోట్రాన్ నుంచి ప్రోటాన్లు వాడాడు. కానీ అంత పెద్ద భౌతికశాస్త్ర యంత్రాన్ని ఆసుపత్రిలో పెట్టుకోలేరు. అందుకే చివరికి గామా కిరణాలు వెలువరించే కోబాల్ట్-60 దగ్గర ఆగాడు.

అలా పుట్టిన గామా నైఫ్ 1967-68లో స్టాక్‌హోమ్‌లోని సోఫియాహెమ్మెట్ ఆసుపత్రిలో పని మొదలుపెట్టింది. మందపాటి లోహకవచంలో 179 కోబాల్ట్ గుళికలు, ఒక్కోదానికి ఒక్కో సన్నటి దారి. ఏ కిరణానికీ దారిలో ఉన్న మెదడును పాడుచేసేంత బలం లేదు. అన్నీ కలిసే బిందువు దగ్గర మాత్రం వాటి బలం ఒక్కటవుతుంది. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోచేది ఈ జ్యామితే.

లెక్సెల్ దీన్ని కణితుల కోసం చేయలేదు. తీవ్రమైన నొప్పి, వణుకు, కొన్ని మానసిక వ్యాధులు అతని గురి. 1969లో అకూస్టిక్ న్యూరోమా మీద ప్రయోగించాక యంత్రం దారే మారింది. అప్పటికి సీటీ లేదు, ఎంఆర్ఐ లేదు. ఎక్స్‌రే చిత్రాలే ఆధారం. స్కానర్లు వచ్చాకే దాని అసలు సత్తా బయటపడింది.

నేటికీ చాలాచోట్ల పని జరిగే తీరు ఇది. మత్తు సూదులు వేసి, నాలుగు మరలతో చట్రాన్ని తలకు బిగిస్తారు. దానితోనే స్కాన్ తీస్తారు. కణితి ప్రతి మూలకూ కొలతలు కట్టి, మోతాదు లెక్కేస్తారు. అకూస్టిక్ న్యూరోమాకు ఇప్పుడు అంచు దగ్గర 12, 13 గ్రేలు (రేడియేషన్ మోతాదుకు కొలమానం) ఇస్తారు. తొలినాళ్లలో ఇంతకన్నా బాగా ఎక్కువ ఇచ్చేవారు. తగ్గించాక ముఖనరానికి దెబ్బ అరుదైపోయింది. వినికిడికి మాత్రం ఇప్పటికీ హామీ లేదు. కోబాల్ట్ బలం 5.27 ఏళ్లకు సగమవుతుంది కాబట్టి, గుళికలు పాతబడ్డకొద్దీ అదే మోతాదుకు రోగి ఎక్కువసేపు పడుకోవాలి.

కణితి మాయం కాదు. కొన్ని నెలలు ఉబ్బవచ్చు కూడా. పెరగడం ఆగితే వైద్యం ఫలించినట్టే. అందుకే ఏళ్ల తరబడి స్కాన్లు తప్పవు. మూడు సెంటీమీటర్లు దాటి మెదడు కాండాన్ని నొక్కుతుంటే సాధారణంగా ఆపరేషనే చేయాలి.

ఈ కణితి సాధారణంగా ఒక చెవి వినికిడినే తగ్గిస్తుంది. కాబట్టి ఒక చెవికి ఫోను పెట్టుకుంటే మాటలు తెలిసి, రెండో చెవికి పెడితే తెలియకపోతే వయసు మీద నెట్టేయకండి. చెవి డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించుకోండి. ఆయన ఎంఆర్ఐ రాస్తే వాయిదా వేయకండి.